ఉబుంటులో ‘డమ్మీ అవుట్‌పుట్’ తప్ప సౌండ్ కార్డు కనపడట్లేదు

మాది వైజాగ్, గాజువాక అండి. మొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేశాను. అప్పట్నుంచి స్పీకర్లు మూగబోయాయి. సెట్టింగ్స్‌లో ‘డమ్మీ అవుట్‌పుట్’ (అసలు కార్డు దొరకనప్పుడు చూపించే ఉత్తుత్తి పరికరం) ఒక్కటే ఉంది. హార్డ్‌వేర్ జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొడితే ఇంటెల్ ఆడియో కంట్రోలర్ కనిపిస్తోంది, సౌండ్ కార్డుల్ని చూపే ఏప్లే (aplay) కమాండ్ మాత్రం కార్డులేవీ లేవంటోంది. సౌండ్‌ని నడిపే పైప్‌వైర్ సర్వీసుని రీస్టార్ట్ చేసినా అంతే. సిస్టమ్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్‌లో ‘సాఫ్’ (SOF, ఇంటెల్ ఆడియో చిప్‌కి కావాల్సిన) ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని ఎర్రగా ఒక లైను వస్తోంది. ద్వారకానగర్‌లో షాపాయన చూసి మదర్‌బోర్డే పోయిందన్నాడు. మొన్నటిదాకా విండోస్‌లో గణగణా మోగింది కదండీ!

సాఫ్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ మళ్లీ వేస్తే సరిపోతుందా? లేక డీఎస్‌పీ డ్రైవర్ (dsp_driver, ఏ ఆడియో డ్రైవర్ వాడాలో చెప్పే సెట్టింగ్) ఆప్షన్ 1 పెట్టి, సాఫ్ అవసరంలేని పాత హెచ్‌డీఏ ఆడియో డ్రైవర్‌కి మార్చాలా? అలా మారిస్తే లోపలి డిజిటల్ మైకు పనిచెయ్యదట. పాపకి సాయంత్రం ఆన్‌లైన్ ట్యూషన్, మైకు లేకపోతే కుదరదు. ముందు ఏది చెయ్యమంటారు?