షుగర్ ఉన్న నాన్న వరి మడిలోకి ఏం వేసుకుని దిగాలి?

మా నాన్నకు 62 ఏళ్లు. షుగర్ పాతదే. అరికాళ్లు మొద్దుబారిపోయాయి, రాత్రయితే మాత్రం మంటలని నిద్రపోరు. మొన్న తుమ్మముల్లు దిగితే తెలియనే లేదు, సాయంత్రం అమ్మ రక్తం చూసి చెప్పింది. డాక్టరు మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగుతో అరికాలు నొక్కి చూసి స్పర్శ పోయిందన్నారు. మంటలకు ప్రీగాబాలిన్ మందు రాసి, ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు వేసుకోమన్నారు. ఇంట్లో, రోడ్డు మీద సరే, బురదలో అవేం పనికొస్తాయి? గంబూట్లు వేస్తే చెమటకి వేళ్ల సందులు ఒరుస్తున్నాయి. వట్టికాళ్లతో దిగొద్దంటే "చిన్నప్పటి నుంచి దిగుతున్నా" అంటారు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా ఊళ్లో లేరు.

మీ ఇళ్లల్లో ఇలాంటివాళ్లు మడిలోకి ఏం వేసుకుంటున్నారు? ఏళ్ల తరబడి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడితే బి12 విటమిన్ తగ్గి తిమ్మిర్లు రావచ్చట. ఆ పరీక్ష చేయించి మందు వాడినవాళ్లకు తేడా కనిపించిందా? వేడినీళ్ల కాపడం, ఆకు పసర్లు మాత్రం దయచేసి చెప్పకండి. కాలు కాలినా తెలియదు ఆయనకి.