సొంత దుఃఖాన్ని స్టేజీ మీద ఆడితే మనసు కుదుటపడుతుందా?

బ్రాడీపేట, గుంటూరు:
మా బృందంలో ఒకమ్మాయి తండ్రి పోయిన రాత్రిని ఏకపాత్రగా రాసుకుంది. రాబోయే నాటక పరిషత్తు పోటీలో తనే ఆడతానంటోంది. ఆడితే గుండె బరువు దిగుతుందట. రిహార్సల్లో ఆసుపత్రి ఘట్టం వచ్చేసరికి ప్రతిసారీ గొంతు పూడుకుపోతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఆడనివ్వాలా, వద్దా?

సత్యనారాయణపురం, విజయవాడ:
ఆడనివ్వండి. మన ఇళ్లలో ఎవరైనా పోతే ఆడవాళ్లు శోకాలు పెడతారు. పోయినవాళ్ల సంగతులన్నీ ఎత్తుకుని పదిమందిలో ఏడుస్తారు. లోపల దాచుకోవడం కన్నా అది నయం. నాటకమూ అంతే.

పటమట, విజయవాడ:
అంతే కాదండీ. శోకం పెట్టేచోట చుట్టూ ఉన్నవాళ్లూ అయినవాళ్లే, వాళ్లూ ఏడుస్తారు. పోటీలో ఎదురుగా న్యాయనిర్ణేతలుంటారు, మార్కులు వేస్తారు. నాన్న చావుకి మార్కులు తక్కువొస్తే ఆ అమ్మాయి ఏమైపోవాలి? బహుమతి వస్తే ఇంకా కష్టం, ప్రతి పరిషత్తులోనూ మళ్లీ ఆ రాత్రిలోకి వెళ్లాలి.

నాటకంతో చికిత్స ఉంది, కాదనను. వియన్నాలో చదువుకున్న జేకబ్ మొరేనో అనే డాక్టరు సైకోడ్రామాను మొదలుపెట్టాడు. అందులో ముందు మనిషిని సిద్ధం చేస్తారు, తర్వాత ఆడిస్తారు, చివర అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ చివరిదే ప్రాణం. అక్కడ ఎవరూ సలహా ఇవ్వరు, బాగా చేశావనీ అనరు. ఎవరి అనుభవం వాళ్లు చెబుతారు.

మా అన్నయ్య యాక్సిడెంట్లో పోయాడు, చివరి మాట కూడా లేదు. ఒక సైకాలజిస్టు నడిపిన చిన్న గుంపులో నా ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అన్నయ్యతో మాట్లాడమన్నారు. కాసేపయ్యాక నన్నే ఆ కుర్చీలో కూర్చుని అన్నయ్యగా జవాబివ్వమన్నారు. "ఒరేయ్, బండి తాళాలు నీ దగ్గరున్నాయా?" అన్నాను. రోజూ వాడడిగే మాటే. ఇక ఆగలేదు ఏడుపు. ఆ గదిలో ఉన్నది నలుగురైదుగురే కాబట్టి ఏడవగలిగాను.

సత్యనారాయణపురం, విజయవాడ:
పోటీకి వద్దన్నది ఒప్పుకుంటాను. కానీ అలాంటివి నడిపేవాళ్లు మన దగ్గర ఎంతమంది దొరుకుతారు? దొరికేదాకా ఆ అమ్మాయి నోరు కట్టుకోవాలా? పైగా ఆమె అడుగుతున్నది చికిత్స కాదు, నాటకం. చూసేవాళ్లు లేకుండా నాటకం ఏమిటి?

పటమట, విజయవాడ:
నోరు కట్టుకోమనలేదండీ. తన పాత్ర ఇంకొకరికిచ్చి, తను ఎదురుగా కూర్చుని చూడమనండి. 1975లో అమెరికాలో జోనథన్ ఫాక్స్, జో సాలస్ మొదలుపెట్టిన ప్లేబ్యాక్ థియేటర్ ఇలాంటిదే. ప్రేక్షకుల్లో ఒకరు తన కథ చెబుతారు, నటులు అప్పటికప్పుడు ఆడి చూపిస్తారు. చూసేవాళ్లూ ఉంటారు, మార్కులుండవు. ఆ తర్వాత తనే ఆడతానంటే, తను పిలుచుకున్నవాళ్ల ముందు ఆడనివ్వండి. మధ్యలో ఆపేసినా ఎవరూ ఏమీ అనకూడదు. ఈలోగా నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయించండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.