డిస్గయా 1 గేమ్: లహార్ల్ ఒక్కడే పెరుగుతున్నాడు, క్లెరిక్ లెవెల్ 6 దగ్గరే ఆగింది

ప్రశ్న (స్విచ్‌లో కంప్లీట్ వెర్షన్):
నా టీమ్‌లో లహార్ల్ లెవెల్ 25, ఎట్నా 17. క్లెరిక్ (గాయాలు మాన్పే పాత్ర) ప్రతి టర్నూ హీల్ చేస్తున్నా లెవెల్ కదలట్లేదు. ఐటమ్ వరల్డ్‌లోనేమో (వస్తువు లోపలికి దిగి అంతస్తులు దాటే చోటు) తర్వాతి అంతస్తుకి వెళ్లే గేట్ మీదే శత్రువు, కింద ఇన్విన్సిబుల్ ప్యానెల్ (దాని మీదున్నవాళ్లకి దెబ్బ తగలదు). ఏం చేయాలి?

ఖడ్గం_కాదు_విల్లు:
ఈ భాగంలో ఎక్స్‌పీ (లెవెల్ పెంచే పాయింట్లు), మానా (కొత్త పాత్రల్ని సృష్టించడానికి ఖర్చయ్యే పాయింట్లు) రెండూ చంపినవాళ్లకే బ్రో. హీల్‌కి ఏమీ రాదు. ముందు క్లెరిక్‌కి విల్లు ఇవ్వండి. లహార్ల్ సగం చంపి వదిలితే చివరి దెబ్బ ఆమె వెయ్యాలి. కాస్త మానా చేరాక డార్క్ అసెంబ్లీలో (కొత్త పాత్రల్ని సృష్టించే సభ) ఆమె చేతనే ఒక మేజ్‌ని (మంత్రగాడిని) సృష్టించండి. అప్పుడు మేజ్ ఆమె శిష్యుడవుతాడు. యుద్ధంలో అతని పక్క గడిలో నిలబడితే అతని మంత్రం ఆమే వాడొచ్చు. వాడగా వాడగా మంత్రం లెవెల్ 1కి చేరితే, ఇక అతను పక్కన లేకపోయినా అది ఆమెదే. సృష్టించే పని లహార్ల్‌తో చేయించారో, శిష్యుడు అతనికే పోతాడు. కొత్తవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే.

ప్రిన్నీ_బాంబు:
గేట్ సంగతి. ఆ రంగు ప్యానెల్ మీదున్న ఇన్విన్సిబుల్ జియో సింబల్‌ని (తానున్న రంగు ప్యానెళ్లన్నిటికీ ప్రభావం ఇచ్చే వస్తువు) ఎత్తి, రంగు లేని గడిలోకి విసరండి. ప్రభావం పోతుంది, తర్వాత మామూలుగా కొట్టొచ్చు. సింబల్ దూరంగా ఉంటే మనవాళ్లని ఒకరి తర్వాత ఒకరు ఎత్తి విసురుకుంటూ పోవాలి. పడ్డ చోటి నుంచి వాళ్లు మళ్లీ నడవగలరు. రాక్షస జాతులు మాత్రం ఎత్తలేవు. ప్రిన్నీని (పెంగ్విన్ లాంటి పాత్ర) విసిరితే పేలిపోతుంది, జాగ్రత్త (కావాలని విసిరితే వేరే మాట). సింబల్‌ని పగలగొడితే రంగులు మారుతూ ఆ ప్యానెళ్ల మీదున్న మనవాళ్లకీ దెబ్బ తగులుతుంది.

గమ్_గని:
మంచి కత్తిలోకి అప్పుడే దిగొద్దు. వస్తువు ర్యాంకు పెరిగేకొద్దీ లోపలి శత్రువులూ గట్టివాళ్లే. ఏబీసీ గమ్ లాంటి చౌక వస్తువుతో మొదలెట్టండి. మామూలు వస్తువుకి 30 అంతస్తులు, అరుదైనదానికి 60, లెజెండరీకి 100. బయటికి దారి పదేసి అంతస్తులకోసారే, మధ్యలో సేవ్ లేదు, అందరూ చస్తే గేమ్ ఓవర్. మిస్టర్ జెన్సీస్ ఎగ్జిట్ (మధ్యలోనే బయటికి తెచ్చే వస్తువు) చేతిలో ఉంచుకోండి.
లోపల స్టాటిస్టిషియన్ (వస్తువులో ఉండి ఎక్స్‌పీ పెంచే పాత్ర) కనిపిస్తే వదలొద్దు. ఓడిస్తే అతని విలువ రెట్టింపవుతుంది, వేరే వస్తువులోకి మార్చడమూ కుదురుతుంది. అతన్ని క్లెరిక్ తొడుక్కున్న వస్తువులో పెడితే ఎక్స్‌పీ అంత శాతం ఎక్కువ. ఒకే రకం వాళ్లని కలుపుకుంటూ 300 దాకా పెంచొచ్చు.