పర్లాకిమిడి నుంచి కోరాపుట్ దాకా, ఏడాదంతా వ్యాన్ మీద సోలార్: ఈ ప్లాన్ పనిచేస్తుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్తే. పాత ట్రావెలర్ వ్యాన్ ఒకటి కొన్నాను. సీట్లు తీయించేసి మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టిస్తున్నాను. నాది ల్యాప్‌టాప్ మీద చేసే డిజైన్ పని. నెలలో సగం రోజులు బండిలోనే ఉండి పని చేసుకోవాలని ఆశ. చలికాలం కోరాపుట్, దేవమాలి కొండల వైపు, ఎండాకాలం గోపాల్‌పూర్ సముద్రతీరం. వానాకాలంలో కూడా ఇంట్లో కూర్చోదలుచుకోలేదు.

ఇళ్ల మీద వేసే 540 వాట్ల ప్యానెళ్లు రెండు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి, వోల్టులు కూడేలా) కలిపి 100 వోల్టుల దాకా తట్టుకునే ఎంపీపీటీ కంట్రోలర్‌కి (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే పెట్టె) ఇద్దామని ప్లాన్. ఇంట్లో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ (ఇన్వర్టర్‌కి వాడే లెడ్-యాసిడ్‌ది) ఖాళీగా ఉంది, అదే వాడేస్తాను. 12 వోల్టుల ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు, ల్యాప్‌టాప్, అమ్మ వస్తే మిక్సీ. చిన్న ఏసీ కూడా పెట్టుకోవచ్చా? షాపులో అడిగితే "వెయ్యి వాట్లు దాటాయి కదా, అన్నీ నడుస్తాయి" అన్నారు. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు.

బ్యాటరీ కొట్టు అక్క (రాయగడ)

తమ్ముడూ, ముందు ఆ సిరీస్ వైరింగ్ ఆపించు. మిగతా కబుర్లు తర్వాత.

540 వాట్ల ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడు. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, అంటే లోడ్ ఏదీ కలపనప్పటి వోల్టేజ్, 49 చిల్లర ఉంటుంది. రెండు సిరీస్‌లో పెడితే 99. అది 25 డిగ్రీల దగ్గర కొలిచిన లెక్క. చలి పెరిగేకొద్దీ ప్యానెల్ వోల్టేజ్ కూడా పెరుగుతుంది. పుష్యమాసంలో కోరాపుట్ కొండ మీద తెల్లారి మంచు విడి ఎండ తగిలిన క్షణాన నీ కంట్రోలర్ మీద 103, 104 వోల్టులు పడతాయి. 100 వోల్టుల కంట్రోలర్ కాలిపోవడానికి అది చాలు. ఎండాకాలంలో బిగించి "బాగానే ఉందండీ" అని వెళ్లినవాళ్లు చలికాలంలో మా కొట్టుకి తెచ్చేది ఇందుకే. పేరలల్‌లో (పక్కపక్కన, వోల్టులు కూడకుండా) కలుపు, లేదా 150 వోల్టుల కంట్రోలర్ కొను.

మాది ఇన్వర్టర్ బ్యాటరీల కొట్టు. ఇప్పుడు అబ్బాయి చూసుకుంటున్నాడు. నేనూ మా ఆయనా ఇలాంటి బండిలోనే తిరుగుతున్నాం, కాబట్టి లెక్క చెబుతాను. ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్ల దాకా తీసుకుంటుంది. మే నెలలో రోజులో మూడింట రెండొంతులు నడుస్తూనే ఉంటుంది, అంటే దాదాపు ముప్పావు యూనిట్. చలికాలం అందులో సగం. 12 వోల్టుల ఫ్యాను, ల్యాప్‌టాప్, లైట్లు కలిపి ఇంకో యూనిట్. మిక్సీ సంగతి వదిలెయ్, చట్నీకి ఐదు నిమిషాలు తిప్పితే యూనిట్‌లో పదిహేనో వంతు కూడా అవదు. కాకపోతే దానికి ప్యూర్ సైన్ ఇన్వర్టర్, అంటే ఇంటి కరెంటు లాంటి కరెంటు ఇచ్చేది, ఉండాలి. మంచి ఎండలో ఒక్క 540 ప్యానెలే రోజుకి రెండు యూనిట్లు ఇస్తుంది. అంటే ఒక్కటి చాలు. రెండోది ఎందుకు?

వానకి అంటావు. ముసురు పట్టిన రోజు ఒక ప్యానెల్ అర యూనిట్ ఇవ్వడమే గొప్ప. రెండు పెట్టినా ఒకటికి చేరదు. 28 కిలోల పలక ఇంకోటి నెత్తిన మోసి సాధించేది ఆ అర యూనిట్. ఆ డబ్బుతో డీసీ-డీసీ ఛార్జర్ పెట్టుకో, బండి నడిచేటప్పుడు ఇంజిన్ కరెంటుతో నీ బ్యాటరీని నింపుతుంది. 20 ఆంపియర్లది అయితే రెండు గంటల డ్రైవింగ్‌లో అర యూనిట్ వచ్చేస్తుంది, మబ్బుతో పని లేదు. నీది బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండి అయితే ఉత్త రిలే స్విచ్ పెట్టి ఇంజిన్ బ్యాటరీకి ఇంటి బ్యాటరీ కలపకు. ఇంజిన్ మీద కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఆ బండ్లలో మధ్యలో వోల్టేజ్ తగ్గించేస్తుంది.

చలికాలం సంగతి వేరు. ఎండ ఉంటుంది కానీ ఏటవాలుగా వస్తుంది. మన దగ్గర డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. బల్లపరుపుగా పడుకున్న ప్యానెల్‌కి నేరుగా వచ్చే ఎండలో ముప్పావు వంతే అందుతుంది. ఉత్తరం అంచు పైకి లేచేలా కాళ్లు పెట్టించుకుంటే ఆ నష్టం చాలావరకు పోతుంది. సంక్రాంతి దాటి కొన్ని వారాలయ్యాక మళ్లీ దించెయ్. మే మధ్యలో ఒకసారి, జూలై చివర్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్య రోజుల్లో కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అప్పుడు దక్షిణానికి వంచితే ఉన్నదీ పోతుంది.

అసలు చిక్కు ఎండాకాలమే. దాని గురించి ఏ షాపువాడూ చెప్పడు. కరెంటు బోలెడు వస్తుంది, కానీ బండి ఎండలో ఉండాలి. గుణుపురం, రాయగడ ఎండలో రేకు బండిలో మనిషి ఉండగలడా? నువ్వు మామిడితోపు వెతుక్కుంటావు. కొమ్మ నీడ కొన్ని గడుల మీద పడినా ప్యానెల్‌లో పెద్ద ముక్క కరెంటు ఇవ్వడం మానేస్తుంది. మనిషికి నీడ, పలకకి ఎండ, రెండూ ఒక్క పైకప్పు మీద కుదరవు. అందుకే మడతపెట్టే 100 వాట్లది ఒకటి విడిగా ఉంచుకో. పది మీటర్ల కేబుల్‌తో ఎండలో పరిచి బండిని నీడలో పెట్టు. కేబుల్ తీగ మందం 4 ఎస్‌క్యూ ఎమ్ఎమ్‌కి (చదరపు మిల్లీమీటర్లకి) తగ్గితే వోల్టేజ్ దారిలోనే పోతుంది.

ఏసీ గురించి అడగనే అడగకు. రాత్రికి నాలుగు యూనిట్లు తినేదాన్ని ఏ బ్యాటరీ మీద నడుపుతావు? రోహిణి కార్తె రాగానే గోపాల్‌పూర్ ఉక్క వదిలేసి కోరాపుట్ ఎక్కెయ్. చక్రాలున్న ఇల్లు కట్టుకున్నది అందుకే కదా.

సుంకి ఘాట్ డ్రైవర్ (సాలూరు)

అక్క లెక్కలు నాకు సగమే అర్థమయ్యాయి కానీ బిగింపు గురించి నేను చెప్పగలను. ప్యానెల్‌ని రేకుకి అంటించకండి. కింద రెండంగుళాల గాలి సందు ఉండాలి. ప్యానెల్ వేడెక్కితే కరెంటు తగ్గుతుందంటారు, పైగా ఆ సందు వల్ల లోపల కూడా చల్లగా ఉంటుంది. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవనివి) వాడండి, సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కాక ప్రతిసారీ చేత్తో తిప్పి చూడండి. ఆ వంపుల్లో మామూలు నట్లు వదులైపోతాయి. దసరా, దీపావళి రోజుల్లో తుపాను హెచ్చరిక వస్తే ప్రయాణం మానుకోండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా ఏమయిందో పర్లాకిమిడి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. లేపి ఉన్న ప్యానెల్ గాలికి తెరచాపే.

ఇంకోటి, సీట్లు తీసేశారు కదా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్సీలో మార్పు రాయించుకోవాలి. లేకపోతే చెక్‌పోస్ట్‌లో టెన్షన్, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్‌తో గొడవ.

మహేంద్రతనయ

అక్కా, మీకు దండం. సిరీస్ వైరింగ్ ఈ రోజే ఆపించాను. రెండో ప్యానెల్ ఇంటి మీద వేసేస్తాను. మరి ట్యూబులర్ బ్యాటరీ సంగతి?

బ్యాటరీ కొట్టు అక్క

అమ్మేవాళ్లం కాబట్టి కొత్తది అంటగడుతున్నాననుకోకు. ట్యూబులర్‌ని ఇంట్లోనే ఉంచు. 55 కిలోల పైన బరువు. సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది, అంటే చేతికొచ్చేది ముప్పావు యూనిట్, మహా అయితే 0.9 యూనిట్. ఛార్జింగ్ అప్పుడు హైడ్రోజన్ వస్తుంది, నువ్వు నిద్రపోయే గదిలో అది వద్దు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది వానాకాలంలో. మబ్బు విడి రెండు గంటలు ఎండ కాస్తే లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అందినంతా తాగేస్తుంది. ట్యూబులర్ చివరి ఇరవై శాతం నిండటానికే గంటలు తీసుకుంటుంది. రోజుల తరబడి సగం ఛార్జ్‌లో ఉంటే ప్లేట్లకి సల్ఫేట్ పట్టి పోతుంది.

200 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ ఒకటి తీసుకో, అందులో రెండున్నర యూనిట్లు పడతాయి. దాన్ని కిందే పెట్టు, సీటు కిందో మంచం కిందో. 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు, మూసిన బండి మే నెలలో సులువుగా అది దాటుతుంది.

మహేంద్రతనయ

చివరి ప్రశ్న. దుమ్ము ఎన్నాళ్లకోసారి తుడవాలి?

బ్యాటరీ కొట్టు అక్క

కోరాపుట్ ఎర్రమట్టి రోడ్డు ఎక్కి దిగిన ప్రతిసారీ. పొద్దున్నే తుడువు, తడిగుడ్డతో. ఎండెక్కి కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు పోయకు. సబ్బు అక్కర్లేదు, కాకి రెట్ట ఉంటే మాత్రం కాసేపు నాననిచ్చి తియ్.