‘హాస్పిటల్’ ముందు ‘ద’ ఎందుకు తప్పయింది?

చదువరి:
నమస్కారం. ఒక పరీక్ష కోసం ఇంగ్లీషు ఖాళీలు పూరించే అభ్యాసం చేస్తూ, కొన్ని గంటలుగా ఒకే పుట దగ్గర ఆగిపోయాను. ‘హి ఈజ్ ఇన్ — హాస్పిటల్’ అన్న వాక్యంలో నేను ‘ద’ రాస్తే, జవాబుల పట్టికలో అక్కడ ఏ ఆర్టికలూ రాకూడదని ఉంది. అదే పుటలో మరో వాక్యంలో మాత్రం హాస్పిటల్ ముందు ‘ద’ ఉండాలన్నారు. ‘బిట్వీన్ యూ అండ్ —’ అన్నచోట ‘ఐ’ తప్పట. ‘ఆన్ ద వీకెండ్’ కూడా తప్పేనట, ‘ఎట్ ద వీకెండ్’ అనాలట. నియమాలన్నీ కంఠతా వచ్చినా ఒక్కటీ అక్కరకు రావడం లేదు. దయచేసి వీటన్నిటికీ వర్తించే నియమం ఏదైనా ఉంటే చెప్పండి.

సూటిమాట:
ఆ రెండో వాక్యం పూర్తిగా రాయండి. అది చూడకుండా ఎవరూ చెప్పలేరు.

పాత పంతులు:
ఆర్టికల్స్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోగొట్టే ‘ఎ’, ‘యాన్’ల సంగతి ముందు తేల్చుకోవాలి. అచ్చుల ముందు ‘యాన్’, హల్లుల ముందు ‘ఎ’ అని బడిలో నేర్పిన మాట సగమే నిజం, ఎందుకంటే చూడవలసింది రాసే అక్షరాన్ని కాదు, పలికే ధ్వనిని. ‘అవర్’ అన్న మాట హెచ్ అక్షరంతో మొదలైనా ఆ హెచ్ పలకదు కనుక ‘యాన్ అవర్’ అంటాం. ‘యూనివర్సిటీ’ యు అక్షరంతో మొదలైనా నోటికి వచ్చే తొలి ధ్వని యకారం కనుక ‘ఎ యూనివర్సిటీ’ అవుతుంది. ‘వన్’ అన్న మాట ఓ అక్షరంతో మొదలై వకార ధ్వనితో పలుకుతుంది కనుక ‘ఎ వన్‌వే స్ట్రీట్’ అనాలి. పొడి అక్షరాలకూ ఇదే వర్తిస్తుంది కనుక ‘యాన్ ఎక్స్‌రే’, ‘యాన్ ఎంబీఏ’ సరైనవి. పైకి చదివి చూసుకునే అలవాటు ఉన్నవారు ఇక్కడ తడబడరు.

వ్యాకరణప్రియ:
పంతులుగారు చెప్పింది సరైనదే కాని అడిగింది అది కాదు. అసలు చిక్కు మన భాషలోనే ఉంది. తెలుగులో ఉపసర్గలు నామవాచకం తర్వాత వస్తాయి, ఇంగ్లీషులో ముందు వస్తాయి. పైగా మన ‘లో’ ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది. గదిలో అన్నప్పుడు ‘ఇన్’, బస్సులో అన్నప్పుడు ‘ఆన్’, విందులో అన్నప్పుడు ‘ఎట్’ రావలసి ఉంటుంది. అలాగే ‘రెండేళ్ల నుంచి’, ‘2019 నుంచి’ అని మనం రెండుచోట్లా ‘నుంచి’ వాడతాం. ఇంగ్లీషులో మొదటిది గడిచిన కాలం ఎంతో చెబుతుంది కనుక ‘ఫర్ టూ ఇయర్స్’ అని, రెండోది మొదలైన క్షణాన్ని చెబుతుంది కనుక ‘సిన్స్ 2019’ అని అనాలి. ‘సిన్స్ టూ ఇయర్స్’ అని మనవాళ్లు అంత ధీమాగా రాయడానికి కారణం ఈ ‘నుంచి’యే.

పాత పంతులు:
వాటిని ఉపసర్గలు అనకూడదు. ప్ర, పరా, అప వంటివి ఉపసర్గలు. సంస్కృతంలో అవి 22, ధాతువుకు ముందు చేరి అర్థాన్ని మారుస్తాయి. లో, నుంచి వంటివి విభక్తి ప్రత్యయాలు.

వ్యాకరణప్రియ:
పేరు విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. విభక్తి ప్రత్యయాలనే అందాం. విషయం మాత్రం మారదు.

చదువరి:
అయ్యా, నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. రెండో వాక్యం ‘షి వెంట్ టు ద హాస్పిటల్ టు విజిట్ హర్ అంకుల్’. రెండూ ఆసుపత్రి గురించే కదా, అందుకే పూర్తిగా రాయనవసరం లేదనుకున్నాను.

సూటిమాట:
తేడా అంతా అక్కడే ఉంది. మొదటి వాక్యంలోని మనిషి రోగి. రెండో వాక్యంలోని ఆమె చూడటానికి వెళ్లింది.

వ్యాకరణప్రియ:
దాన్ని కొంచెం విడమరుస్తాను. స్కూల్, కాలేజ్, ప్రిజన్, చర్చ్, బెడ్ వంటి కొన్ని మాటలున్నాయి. ఆ చోటు ఏ పనికి ఉద్దేశించిందో ఆ పని మీదనే అక్కడ ఉంటే ‘ద’ రాదు. విద్యార్థి ‘గోజ్ టు స్కూల్’, ఖైదీ ‘ఈజ్ ఇన్ ప్రిజన్’. అదే విద్యార్థి తండ్రి గురువును కలవడానికి వెళితే ‘గోజ్ టు ద స్కూల్’ అనాలి, ఎందుకంటే ఆయనకు అది ఒక భవనం మాత్రమే. ఈ వెసులుబాటు అన్ని చోట్లకూ లేదు. ఉద్యోగి పని మీదనే వెళ్లినా ‘ద ఆఫీస్’ అనే అంటారు. బ్రిటిష్ వాడుకలో హాస్పిటల్ ఈ జాబితాలో ఉంది. అమెరికన్లు మాత్రం రోగి విషయంలోనూ ‘ఇన్ ద హాస్పిటల్’ అనే అంటారు. వారాంతానికి కూడా బ్రిటిష్ వారు ‘ఎట్’, అమెరికన్లు ‘ఆన్’ వాడతారు. కాబట్టి మీ పుస్తకం ఏ పద్ధతిదో తెలియకుండా ఆ రెండు జవాబులనూ తప్పు అనడానికి లేదు.

పాత పంతులు:
సర్వనామం సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ప్రిపొజిషన్ తర్వాత వచ్చే సర్వనామం కర్మరూపంలోనే ఉండాలి, అంటే మీ, హిమ్, హర్, అస్, దెమ్. ముందు ‘యూ’ ఉన్నప్పుడు దాని రూపం ఎలాగూ మారదు కనుక పక్కనున్న మాట మారాలన్న సంగతి మరుగున పడుతుంది. ఇద్దరినీ కలిపి ఒకే సర్వనామంతో అని చూడండి. ‘బిట్వీన్ అస్’ అంటాం, ‘బిట్వీన్ వి’ అనం. కనుక ‘బిట్వీన్ యూ అండ్ మీ’. తెలుగులోనూ ‘నీకూ నాకూ మధ్య’ అంటాం గాని ‘నువ్వూ నేనూ మధ్య’ అనం. ఇక్కడ మన భాష మనకు అడ్డు రాదు, దారి చూపుతుంది. అన్నిటికీ ఒకే నియమం కావాలన్న కోరిక మాత్రం వదులుకోండి. ఆర్టికల్‌ను సందర్భం నిర్ణయిస్తుంది, సర్వనామాన్ని వాక్యంలో దాని స్థానం నిర్ణయిస్తుంది, ప్రిపొజిషన్‌ను చాలాచోట్ల పక్కనున్న మాటే నిర్ణయిస్తుంది. ‘గుడ్ ఎట్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ‘మ్యారీడ్ టు’ వంటివి జంటగానే నేర్చుకోవాలి.

వ్యాకరణప్రియ:
‘మ్యారీడ్ టు’ మంచి ఉదాహరణ. ‘ఆమెతో పెళ్లయింది’ అన్న వాక్యాన్ని మనసులో పెట్టుకుని ‘విత్’ రాసేవారు ఎందరో. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ చేర్చడమూ ఇలాంటిదే, గురించి చర్చించడం మనకు అలవాటు గనుక.

పాత పంతులు:
‘డిస్కస్’ను దానితో కలపకండి, అది సకర్మక క్రియకు సంబంధించిన ప్రశ్న. దానికి వేరే చర్చ కావాలి.

చదువరి:
ముందుమాట తిరగేస్తే పుస్తకం బ్రిటిష్ వాడుకనే అనుసరిస్తుందని రాసి ఉంది. పరీక్ష పెట్టేవారు ఏది పాటిస్తారో పాత ప్రశ్నపత్రాలు చూడాలి. ధన్యవాదాలు.