‘టాంపోపో’ పెద్దల చిత్రమేనా? కథానాయిక నొబుకో మియామోతో గురించి కూడా తెలుపగలరు

ప్రశ్న – హనుమకొండ నుండి

నమస్కారం. మేము ఇరవై మందిమి నెలకొకసారి ఒక మిత్రుని ఇంటి డాబా మీద తెర కట్టుకొని పాత విదేశీ చిత్రాలు చూస్తుంటాము. మాలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులు ఉన్నారు. సెలవు రోజైతే పిల్లలు కూడా వచ్చి చాప మీద కూర్చుంటారు. వచ్చే నెలకు జుజో ఇతామి 1985లో తీసిన జపాన్ హాస్యచిత్రం ‘టాంపోపో’ను అనుకున్నాము. అందులో శృంగారం శ్రుతి మించిందని ఒకరు అభ్యంతరం చెప్పగా, అది నూడుల్స్ దుకాణం నడుపుకొనే ఒక వితంతువు కథ మాత్రమేనని మరొకరు వాదించారు. ఎవరి మాట నిజం? ఆ సన్నివేశాలలో కనిపించేది కథానాయికేనా?

సమాధానం 1 – కాజీపేట నుండి

ఇద్దరూ నిజమే చెప్పారు, ఎందుకంటే ఇందులో ప్రధాన కథ ఒకటైతే, దాని మధ్య మధ్య వచ్చి పోయే పిట్టకథలు అనేకం. ప్రధాన కథలో గోరో అనే లారీ డ్రైవర్ ఒక వానరాత్రి టాంపోపో అనే ఆ వితంతువు దుకాణంలోకి అడుగుపెట్టి, ఆమె చేసే నూడుల్స్ పులుసైన రామెన్‌లో శ్రద్ధ ఉన్నా పస లేదని గ్రహించి, దానిని ఊరిలోకెల్లా మేటి దుకాణంగా నిలబెట్టడానికి తోడ్పడతాడు. ఇందులో పిల్లలకు చూపకూడనిది ఏమీ లేదు.

మీ మిత్రుడు అభ్యంతరం చెప్పినది తెల్ల సూటు వేసుకున్న ముఠా మనిషి పిట్టకథ గురించి అయి ఉంటుంది. ఆ పాత్రను కోజీ యకుషో పోషించారు. 2023లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా పురస్కారం అందుకున్నది ఈయనే. పచ్చి గుడ్డు సొనను అతడు, అతని ప్రేయసి చితకనీయకుండా ఒకరి నోటి నుండి మరొకరి నోటికి మార్చుకుంటూ పోయే సన్నివేశంలో వస్త్రాపహరణమేమీ లేకపోయినా, పక్కన తండ్రో తల్లో కూర్చుని ఉంటే మనిషి చెప్పుల వైపు చూడక తప్పదు. ఆ జంట ఉన్న వేరే సన్నివేశంలో కొంత నగ్నత కూడా ఉంది. ఆ ప్రేయసి పాత్రధారిణి వేరు. మియామోతోకు ఆ సన్నివేశాలతో సంబంధం లేదు.

సమాధానం 2 – కరీంనగర్ నుండి

కథానాయిక గురించి నాలుగు మాటలు. నొబుకో మియామోతో 1945లో హొక్కాయిదో దీవిలోని ఒతారులో జన్మించారు, 1969లో ఇతామిని వివాహమాడారు. ఆయన దర్శకత్వం వహించిన పది చిత్రాలలో చాలావాటికి ఆమే ఆయువుపట్టు. 1987 నాటి ‘ఎ టాక్సింగ్ వుమన్’లో పన్ను ఎగవేతదారుల వెంటబడే అధికారిణిగా నటించి జపాన్ అకాడమీ ఉత్తమ నటి పురస్కారం పొందారు. 1992లో యకూజా అనే జపాన్ నేర ముఠాలను ఎగతాళి చేస్తూ తీసిన ‘మింబో’లో వారిని ఎదిరించే న్యాయవాది ఆమే, ఆ చిత్రం విడుదలైన కొద్ది రోజులకే ఇతామిపై ముఠా సభ్యులు దాడి చేసి ముఖం మీద కత్తిగాట్లు పెట్టారు.

‘టాంపోపో’లో ఆమె ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించరని నా అభిప్రాయం. గోరో సైకిల్ మీద వెంట వస్తుండగా ఆమె పరుగు తీయడం, గడియారం పెట్టుకొని గిన్నెలు సిద్ధం చేయడం వంటివన్నీ కుస్తీ పోటీకి తయారవుతున్నంత గంభీరంగా చేస్తారు కాబట్టే మనకు నవ్వు వస్తుంది. చివరిలో మగవాళ్లు వరుసగా కూర్చుని రామెన్ తింటుంటే, ఆమె కళ్లు వాళ్ల ముఖాల మీద కాసేపు, గిన్నెల మీద కాసేపు తిరుగుతాయి; ఒక్కొక్కరే గిన్నె ఎత్తి రసం చుక్క మిగలకుండా తాగడం చూశాక కళ్లు చెమర్చుతాయి. కొత్త కోడలు మొదటిసారి వండి వడ్డించిన రోజు తలుపు పక్కన నిలబడి ఎలా చూస్తుందో అచ్చం అలాగే ఉంటుంది ఆ చూపు. మా మేనత్త ఇప్పటికీ కొత్త ఆవకాయ జాడీ తెరిచిన రోజు అలాగే చూస్తుంది, ఆమె వయసు డెబ్బై దాటినా!

సమాధానం 3 – జనగామ నుండి

కాజీపేట మిత్రుల వివరణతో ఏకీభవిస్తాను కాని, ముఠా మనిషి ఘట్టాలను దాటవేసి చూపించవచ్చని మాత్రం ఎవరూ అనుకోకండి. అది తీసివేస్తే మిగిలేది ఒక మంచి వంటల కథే. ఆకలి, కామం, చావు మూడూ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయన్నదే ఈ దర్శకుని మాట. మరణశయ్య మీద ఉన్న ఇల్లాలు భర్త గద్దింపుతో లేచి, వేయించిన అన్నం వండి పిల్లలకు పెట్టి, వాళ్లు తింటుండగానే ప్రాణం విడుస్తుంది; భర్త ఏడుస్తూనే, అమ్మ చేతి చివరి వంట, వేడిగా ఉండగానే తినండని పిల్లలను గద్దిస్తాడు. నవ్వాలో ఏడవాలో తెలియని ఆ నిమిషం కూడా పెద్దలకే అర్థమవుతుంది.

మీ ఉపాధ్యాయ దంపతులు తప్పక నవ్వే ఘట్టం మరొకటి ఉంది. స్పగెట్టిని చప్పుడు కాకుండా తినాలని ఒక మర్యాదస్తురాలు అమ్మాయిలకు బోధిస్తుండగా, పక్క బల్ల దగ్గరి విదేశీయుడు బిగ్గరగా జుర్రుకుంటాడు. క్షణాల్లో శిష్యురాళ్లంతా జుర్రడం మొదలుపెడతారు. పచ్చిపులుసు జుర్రినందుకు చుట్టాలింట్లో మొట్టికాయ తిన్నవాళ్లకు ఈ సన్నివేశం ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఒక ఘట్టంలో నిజమైన తాబేలు గొంతు కోయడం తెర మీద కనిపిస్తుంది. శృంగారం కన్నా దానికే మీ డాబా మీద ఎక్కువమంది లేచిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు – హనుమకొండ నుండి

అందరికీ కృతజ్ఞతలు. పిల్లలకు వేరొక రోజు వేరొక చిత్రం చూపించాలని, దీనిని రాత్రి తొమ్మిది గంటలకు పెద్దలకు మాత్రమే వేయాలని నిర్ణయించాము. నిడివి రెండు గంటల లోపే కాబట్టి భోజనాలు ముందే ముగించాలని నేను, చిత్రం అయ్యాకే వడ్డించాలని మా ఆవిడ వాదించుకుంటున్నాము. తాబేలు సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.