1000 ఎంబీ స్పీడ్ అన్న ఎస్ఎస్‌డీ 38 దగ్గరే ఆగిపోతోంది, మోసపోయానా?

అర్ధరాత్రి_కాపీ:
అందరికీ నమస్తే, మూడు రోజుల నుంచి ఒకటే విషయం బుర్ర తినేస్తోంది. కొత్తగా ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొన్నా, 1 టీబీది, డబ్బా మీద సెకనుకి 1000 ఎంబీ అని ఇంత లావు అక్షరాలతో ఉంది. లాప్‌టాప్‌లో ఉన్న ఫొటోలు, వీడియోలు మొత్తం కలిపి 180 జీబీ, ఎంతసేపులే పది నిమిషాల్లో అయిపోతుంది, అయ్యాక పడుకుందాం అని మొదలుపెట్టా. గంటా ఇరవై నిమిషాలు పట్టింది! మధ్యలో స్పీడ్ చూస్తే 38, ఇంకాసేపటికి 39, మళ్ళీ 38. ఎక్కదు, దిగదు. ఫార్మాట్ చేశా, యాంటీవైరస్ ఆపా, రీస్టార్ట్ చేశా, ఏం మార్పు లేదు. టైప్ సీ కేబులే, టైప్ సీ పోర్టే. డ్రైవ్ వాపస్ ఇచ్చేయాలా లేక నేనే ఏదైనా తప్పు చేస్తున్నానా?

సగంనిద్ర:
బ్రో అది క్యాష్, అంటే డ్రైవ్ లోపలుండే తాత్కాలిక మెమరీ, నిండిపోవడం అయ్యుంటుంది. చవక ఎస్ఎస్‌డీలన్నీ అంతే, మొదట కొన్ని జీబీలు పరిగెడతాయి, తర్వాత పడకేస్తాయి. లేదంటే డూప్లికేట్ పీస్ అయినా అయ్యుండాలి, లోపల మెమరీ కార్డు అతికించి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. నేనైతే వాపస్ ఇచ్చేస్తా.

చిక్కుముడి:
ఆగండి ఆగండి, వాపస్ ఇవ్వకండి. క్యాష్ నిండితే ముందు 400, 500 చూపించి ఆ తర్వాత ధబేల్‌మని పడుతుంది. ఈయన చెప్పేది మొదటి నిమిషం నుంచీ 38 అని, అది కూడా గీత గీసినట్టు. ఆ నంబర్ చూడగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అది యూఎస్‌బీ 2.0 వేలిముద్ర. యూఎస్‌బీ 2.0 అంటే సెకనుకి 480 మెగాబిట్లు, 8 బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి 8తో భాగిస్తే కాగితం మీద 60 ఎంబీ, రకరకాల ఖర్చులు పోను చేతికొచ్చేది 35 నుంచి 40. మీ 180 జీబీని 38తో భాగించి చూడండి, సరిగ్గా గంటా ఇరవై నిమిషాల దగ్గరే తేలుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏ కేబుల్‌తో పెట్టారు? ఫోన్ చార్జర్ కేబులా?

అర్ధరాత్రి_కాపీ:
అవునండీ, ఫోన్‌దే. డ్రైవ్‌తో ఒక కేబుల్ ఇచ్చాడు గానీ జానెడు కూడా లేదు, డ్రైవ్ గాల్లో వేలాడుతోందని పక్కన పడేశా. రెండూ టైప్ సీయే కదా, తేడా ఏముంటుంది?

చిక్కుముడి:
తేడా అంతా అక్కడే ఉంది. టైప్ సీ అనేది కన్నం ఆకారం పేరు అంతే, లోపల ఎన్ని తీగలు ఉన్నాయో అది చెప్పదు. ఫోన్‌తో వచ్చే చార్జింగ్ కేబుళ్ళలో చాలావాటికి కరెంటు తీగలు, యూఎస్‌బీ 2.0 డేటా తీగలు రెండు మాత్రమే ఉంటాయి, హైస్పీడ్ తీగలు అసలు వెయ్యరు. వాటికి విడివిడిగా కవచం చుట్టాలి, కేబుల్ లావవుతుంది, బిగుసుకుపోతుంది, ఖర్చు కూడా ఎక్కువ. అందుకే రెండు మీటర్ల పొడుగుండి, దారంలా మెత్తగా వంగే టైప్ సీ కేబుల్ కనిపిస్తే డేటా విషయంలో నేను నమ్మను. మీ డ్రైవ్‌కి కావలసిన 10 గిగాబిట్ల స్పీడ్‌కి కేబుళ్ళు మామూలుగా మీటరు దాకానే ఉంటాయి. మీకు జానెడు కేబుల్ ఇచ్చింది పిసినారితనంతో కాదు. లావుగా ఉంటే స్పీడ్ అని కూడా అనుకోకండి, 240 వాట్ల చార్జింగ్ కేబుల్ కూడా డేటాకి 480 మెగాబిట్లే ఉండొచ్చు.

ఆ పొట్టి కేబుల్ పెట్టి చూసి చెప్పండి.

అర్ధరాత్రి_కాపీ:
అయ్యా పెట్టా. 39. 😭

ఇప్పుడేమంటారు?

సగంనిద్ర:
చెప్పానా, వాపస్ అని

పాతపోర్టు:
వాపస్ మాట కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ. ఒక పని చెయ్యండి, లాప్‌టాప్ వైపున్న ప్లగ్ పీకి, తిరగేసి పెట్టండి. నిజంగానే చెబుతున్నా, ఎగతాళి కాదు. టైప్ సీని ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది అంటారు, కరెక్టే, కానీ లోపల 24 పిన్నులు ఉంటాయి, పైన 12, కింద 12. యూఎస్‌బీ 2.0 పిన్నులు మధ్యలో ఉంటాయి, ప్లగ్ ఎటున్నా వాటికి కనెక్షన్ దొరుకుతుంది. హైస్పీడ్ పిన్నులు అలా కాదు, ప్లగ్ ఎటు ఉందో దాన్ని బట్టి ఏదో ఒక వైపు జతలే వాడుకుంటుంది. ఆ వైపు మురికి పట్టినా, అరిగినా ఎర్రర్ ఏమీ రాదు, చప్పుడు చెయ్యకుండా 480కి దిగిపోతుంది. మనమేమో డ్రైవ్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

టైప్ ఏ, అంటే పాత వెడల్పాటి యూఎస్‌బీ పోర్టుల్లో ఇంకో తమాషా ఉంది, ప్లగ్‌ని మరీ మెల్లగా దూరిస్తే 2.0 పిన్నులు ముందు తగిలి, అది 2.0 అనుకుని అక్కడే సెటిలైపోతుంది. ఒక్కసారిగా నొక్కితే 3.0, అంటే హైస్పీడ్ వస్తుంది. నాకు చాలాసార్లు అయింది, ఇప్పటికీ ఎవరికైనా చెబితే నమ్మరు.

అర్ధరాత్రి_కాపీ:
నమ్మలేకపోతున్నా. తిరగేసి పెట్టా, 430!! మళ్ళీ మొదట్లోలా పెట్టా, 39. మూడుసార్లు అటూ ఇటూ మార్చి చూశా, ప్రతిసారీ అంతే. లాప్‌టాప్ ఆఫ్ చేసి ఫోన్ టార్చి వేసి పోర్టులోకి చూస్తే, లోపల ఒక మూలన బూడిద రంగు నూలు ముద్ద అణిగిపోయి ఉంది, బ్యాగులో పెట్టీ తీసీ చేరినట్టుంది. పళ్ళు కుట్టుకునే చెక్క పుల్లని ఇంకా సన్నగా చెక్కి మెల్లగా లాగితే గోరంత ఉండ వచ్చింది. ఇప్పుడు ఎటు పెట్టినా 430. పాతపోర్టు గారూ దండం మీకు. ఆ 180 జీబీ మొత్తం మళ్ళీ కాపీ చేసి చూశా, ఏడు నిమిషాలు.

కానీ డబ్బా మీద 1000 అన్నాడు కదా, మిగతాది ఏమైంది?

చిక్కుముడి:
హహ నేను కేబుల్ దగ్గరే ఆగిపోయా, పోర్టులో చెత్త ఉంటుందని అసలు తట్టలేదు. పాతపోర్టు గారికే మార్కులు.

మిగతా సగం సంగతి, మీ లాప్‌టాప్ స్పెక్స్‌లో యూఎస్‌బీ 3.2 జెన్ 1 అని ఉందా చూడండి. ఉంటే 5 గిగాబిట్లే, చేతికి 430, 450 కంటే రాదు. డ్రైవ్‌కి 10 గిగాబిట్లు కావాలి, అంటే జెన్ 2. ఈ పేర్ల గోల పెద్ద కథ, 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మనిషి వాడే, చొక్కా మారింది. కాబట్టి 3.2 అని చూసి మురిసిపోకండి, గిగాబిట్లు ఎన్నో చూడండి.

ఎంత స్పీడ్‌తో కనెక్ట్ అయిందో కాపీ పెట్టకుండానే చూడొచ్చు. మ్యాక్ అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో యూఎస్‌బీ కింద ఉంటుంది, లినక్స్ అయితే టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ మైనస్ టీ (lsusb -t) కొడితే పక్కన 480, 5000, 10000 అని మెగాబిట్లలో చూపిస్తుంది.

అర్ధరాత్రి_కాపీ:
చూశా, జెన్ 1యే. సర్లెండి, ఏడు నిమిషాలు నాకు చాలు.

కొత్తకీబోర్డ్:
మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాదీ కేబుల్ గొడవే అనిపిస్తోంది. నా చార్జర్ 100 వాట్లు, లాప్‌టాప్ కూడా అంత తీసుకుంటుంది, అయినా స్లో చార్జర్ అని మెసేజ్ వస్తోంది, గేమ్ ఆడితే ప్లగ్‌లో ఉండగానే బ్యాటరీ దిగిపోతోంది. చార్జర్ పోయిందా?

పాతపోర్టు:
చార్జర్ దానితో వచ్చిన కేబుల్‌తోనే పెడుతున్నావా అమ్మా, లేక వేరేదా?

కొత్తకీబోర్డ్:
వేరేది అన్నా, ఒరిజినల్‌ది ఆఫీసులో ఉండిపోయింది.

పాతపోర్టు:
అయితే ముందు దాన్నే అనుమానించాలి. మామూలు టైప్ సీ కేబుల్ 3 ఆంపియర్ల వరకే, 20 వోల్టుల దగ్గర లెక్కేస్తే 60 వాట్లు. 5 ఆంపియర్లు పోవాలంటే ప్లగ్ లోపల ఈ-మార్కర్ అని చిన్న చిప్ ఉండాలి, చార్జర్ దాన్ని పలకరిస్తుంది, జవాబు రాకపోతే 60 దాటనివ్వదు. కేబుల్ కాలిపోకుండా పెట్టిన జాగ్రత్త అది. ఒరిజినల్ తెచ్చుకుని చూడు, అప్పుడూ అదే మెసేజ్ వస్తే చార్జర్ సంగతి చూద్దాం.

అర్ధరాత్రి_కాపీ:
ఇది చదివాక ఊరుకోలేక సొరుగులో ఉన్న సీ టు సీ కేబుళ్ళన్నీ కింద పోసి ఒక్కొక్కటీ డ్రైవ్‌కి పెట్టి చూశా. మొత్తం తొమ్మిది. 430 ఇచ్చింది రెండే, ఆరు 38 బ్యాచ్, ఒకటైతే డ్రైవ్ ఉన్నట్టే చూపించలేదు. ఆ రెండిటికీ ఎర్ర టేప్ చుట్టి పెన్నుతో 5జీ అని రాశా, ఇంట్లోవాళ్ళు అది ఫోన్ నెట్‌వర్క్ అనుకుంటున్నారు.

చిక్కుముడి:
ఆ ఆరూ పడేయకండి, ఫోన్ చార్జింగ్‌కి, కీబోర్డుకి అవి చాలు, పైగా మెత్తగా వంగుతాయి. తొమ్మిదోది మాత్రం సొరుగులోకి మళ్ళీ వెళ్ళనివ్వకండి, రేపు అర్జెంటుగా వెతుకుతుంటే చేతికి దొరికేది సరిగ్గా అదే.